ఉత్త తొట్టెల

ముందు వినిపించింది శబ్దమే. ఎండలో కూర్చున్న ముసలామె తనలో తాను గొణుక్కుంటున్నట్టు సన్నటి రొద. కాసేపటికి టక్కుమని చిన్న చప్పుడు. మళ్ళీ రొద.

నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ, సెలవు రోజు మధ్యాహ్నం. తరగతి గదులన్నిటికీ తాళాలు. గంజ్ మార్కెట్ వైపు నుంచి వచ్చే గాలిలో పసుపు వాసన ఉంది. యార్డులో కుప్పలు పోసే కాలం అది. ఆ రోజుల్లో ఊరి గాలికి కూడా కొంచెం రంగు ఉంటుందనిపిస్తుంది. వరండా పొడుగునా ఆ రొదను పట్టుకుని నడిచాను. చివరి గది తలుపు సగం తెరిచి ఉంది.

"చెప్పులు బయటనే విడువుండ్రి అక్కా. జెర చేతులు చూపెట్టుండ్రి" అంది లోపలినుంచి ఒక గొంతు.

స్నేహలత అలా కనిపించింది. సన్నటి మనిషి, ముప్ఫై దాటిన వయసు, మోచేతుల దాకా మడిచిన తెల్లకోటు. జేబులోంచి చిన్న టార్చి తీసింది. దొంగనోట్లు పట్టుకోవడానికి దుకాణాల్లో వాడే ఊదారంగు వెలుగు టార్చి. నా అరచేతుల మీద వేసింది. గోళ్ళ అంచుల్లో, వేళ్ళ సందుల్లో లేత ఆకుపచ్చ మెరుపు. మిణుగురులు నా చేతిలో సంసారం పెట్టినట్టుంది.

"పొద్దుగాల పప్పు తిన్నరా?"

"తిన్నాను."

"గదే. సబ్బుతోని మంచిగ కడుక్కోండ్రి. పసుపు నీళ్ళకు అంత జల్దీ పోదు."

ఆమె ఈ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. పిల్లలకు కప్పల బొమ్మలు, ఉల్లిపొర స్లైడులు సిద్ధం చేసి పెట్టడం ఆమె ఉద్యోగం. దానితో పాటు, హైదరాబాద్‌లోని సుష్మ మేడం దగ్గర పీహెచ్‌డీ. మనిషి ఒంట్లో కాపలా కాసే తెల్ల రక్తకణాలు బరువు లేని చోట ఎందుకు చెవిటివైపోతాయన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. నేను ఆమె గురించి రాయాలని వచ్చానంటే నవ్వింది. "నా గురించి ఏం రాస్తరు? దీని గురించి రాయుండ్రి" అని గది మూలకు చూపింది.

అద్దం తలుపున్న వెచ్చటి పెట్టె. లోపల రెండు చట్రాలు, ఒకదాని కడుపులో ఒకటి. పెద్దది ఒక వైపు తిరుగుతుంటే చిన్నది ఇంకో వైపు తిరుగుతోంది. చిన్నదాని నడుమ బొటనవేలంత గాజు బుడ్డి, అందులో కొద్దిగా గులాబీరంగు నీళ్ళు. ఆ నీళ్ళలో కణాలున్నాయి. ఒక క్షణం తలకిందులు, మరుక్షణం పక్కకు, మళ్ళీ వెల్లకిలా. భూమి లాగుతూనే ఉంటుంది, కానీ ఎటు లాగుతోందో వాటికి అంతుపట్టదు. కింద అనేది ఎటుందో మరిచిపోతాయి. ఆకాశంలో ఉన్నామనుకుంటాయి. నిజామాబాద్‌లో, గంజ్‌కు నాలుగు వీధుల అవతల, ఒక గాజు బుడ్డిలో ఆకాశం.

చూస్తూ ఉంటే నా కాళ్ళ కింద బండలు కూడా కొంచెం మెత్తబడ్డట్టనిపించింది.

స్నేహలత పుట్టింది బోధన్‌లో. బాపు భోజన్న చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆ ఊరు సైరన్‌తో నడిచేది. సైరన్ కూస్తే పొయ్యిల మీద చాయ్ దిగేది, సైకిళ్ళు కదిలేవి, చెరకు బండ్ల ఎద్దులు సైతం చెవులు నిక్కించేవి. గాలిలో ఎప్పుడూ ఉడుకుతున్న చెరకు వాసన. బడిలో పలకలకు కూడా తీపి అంటుకుందేమోనని ఆమె చిన్నప్పుడు నాకి చూసేదట.

ఫ్యాక్టరీ మూతపడ్డాక సైరన్ ఆగిపోయింది. భోజన్న మాత్రం ఆ వేళకు లేచేవాడు. చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, గడప మీద కూర్చుని ఫ్యాక్టరీ గొట్టం ఉన్న దిక్కు చూసేవాడు. పొగ లేని గొట్టం మీద కొంగలు వాలేవి.

"బాపుకు చెవులు మంచిగనే ఉండె. పిలిచేటోడే లేకుండె" అంది స్నేహలత. "ఈ కణాలది దానికి ఉల్టా అక్కా. పిలిచేటోడున్నడు, చెవులు గూడ ఉన్నయి. అయినా వింటలేవు."

భోజన్న పోయాక తల్లీకూతుళ్ళు నిజామాబాద్‌కు వచ్చి గంజ్ వెనక రెండు గదుల్లో చేరారు. తల్లి హన్మవ్వది మోర్తాడ్ దగ్గర పసుపు పండించే ఇల్లు. పసుపు వాసన వస్తే పుట్టింట్లో ఉన్నట్టుంటదని ఆ వీధి ఆమే ఎంచింది. కానీ ఆ సంవత్సరమంతా ఆమె ఒక్కటే మాట అనేది. "నా కాళ్ళు భూమికి ఆనుతలేవు బిడ్డా." అన్నం వండుతూ అనేది, దారిలో ఆగి అనేది.

ఆ రోజుల్లోనే నడుము చుట్టూ ఎర్రటి పొక్కులు లేచాయి. సర్పి. పక్కింటామె ఎర్రమన్ను తడిపి పొక్కుల చుట్టూ పాము బొమ్మ గీసింది. కూతురు దవాఖానకు తీసుకుపోయింది. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరసే ఇదనీ, ఇన్నేళ్ళూ నరాల మొదట్లో నిద్రపోయి, కాపలా సడలగానే లేచిందనీ డాక్టర్ చెప్పాడు.

హన్మవ్వ నోరు తెరిచింది. "నా పెండ్లి గాకముందు పోసింది సారూ. గిన్నేండ్లు నా ఒంట్లనే ఉన్నదా? కిరాయి లేకుంట?"

ఆ తర్వాత ఒక రోజు స్నేహలత కాలేజీ లైబ్రరీలో ఏదో చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళలో కూడా ఇదే పాత వైరస్ నిద్ర లేస్తుందట. అక్కడ కాపలా కణాలకు కబురు సరిగా అందదు. పైపొర మీద తలుపు తట్టిన చప్పుడు లోపల కణం కేంద్రకం దాకా చేరాలి. చేరితేనే కణం లేచి, పెరిగి, తోటివాటిని పిలుస్తుంది. బరువు లేనప్పుడు ఆ కబురు దారిలోనే ఎక్కడో సన్నబడుతుంది. ఆమె పుస్తకం మూసి కిటికీలోంచి చూసింది. కాళ్ళు భూమికి ఆననివాళ్ళు ఆకాశంలోనూ ఉన్నారు.

ఆ రెండూ ఒకటేనని ఆమె ఎన్నడూ అనదు. అంటే సుష్మ మేడం ఊరుకోదు. ప్రశ్న మాత్రం అక్కడ పుట్టింది.

యంత్రం కొనే స్తోమత లేదు. గంజ్ దగ్గర మిక్సీలు, కూలర్ మోటార్లు బాగుచేసే దేవిదాస్ దగ్గరికి బొమ్మ గీసుకుని పోయింది. అతను బొమ్మను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"క్యా మేడం, జిలేబీలు చుట్టనీకా?"

"కాదన్నా. రక్తంల కణాలను తిప్పనీకి."

"తిప్పి?"

"కిందెటో మీదెటో తెల్వకుంట చేయాలె."

"దానికి మోటారెందుకు? మా బామ్మర్దిని పంపిస్త. గంట మాట్లాడితె సాలు."

చేసిచ్చాడు మాత్రం ముచ్చటగా. కాలేజీకి తీసుకుపోయే ముందు కొన్నాళ్ళు ఆగకుండా తిప్పి చూడమన్నాడు. అందుకని ఇంట్లోనే కిటికీ పక్క బల్ల మీద పెట్టి నడిపింది స్నేహలత. చట్రాల నడుమ ప్లాస్టిక్ బుడ్డి, మూత పెట్టి. లోపల ఏమీ లేదు.

ఆమె కాలేజీకి పోయాక ఇంట్లో ఉండేది హన్మవ్వ, ఆ యంత్రం. హన్మవ్వ బియ్యం ఏరుతూ దాన్ని చూసేది. ఎండ చట్రాల మీద పడి గోడ మీద వెలుగు ముక్కలు ఈదేవి. నాతో తర్వాత చెప్పింది ఆమె: "సూస్తుంటె నిద్రొచ్చేది. మా పొల్ల బాపు ఎదురుంగ కూసున్నట్టుండేది. జోల పాడినట్టుంటది దాని సప్పుడు."

పరీక్షకు రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళలో హన్మవ్వ కూడా ఉంది. కాలేజీ అనుమతి వచ్చాక నర్సు సూది గుచ్చుతుంటే కూతురి వైపు చూసి, "గంజ్ దోమలు తాగంగ మిగిలింది నువ్వు తాగు" అంది.

కణాలను వేరు చేసి సగం బల్ల మీద కదలకుండా ఉంచాలి, సగం తిప్పాలి. తర్వాత రెంటికీ ఒకటే మందు పోయాలి. కాపలా కణాలకు అది తలుపు తట్టడం. కబురు లోపలికి చేరిన కణం ఆకుపచ్చగా వెలిగేలా ముందే ఒక రంగు కలిపి ఉంటుంది. కదలకుండా ఉన్నవి వెలుగుతాయి, తిరిగినవి చీకటిగా ఉంటాయి. అందరూ చూసింది అదే. ఆమె కూడా అదే చూస్తాననుకుంది.

సుష్మ మేడం ల్యాబు వాడి వదిలేసిన పాత మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. తిరిగిన కణాలు వెలుగుతున్నాయి. కదలకుండా ఉన్నవాటికంటే ఎక్కువగా. కార్తీకంలో నీళ్ళ మీద వదిలిన దీపాల్లా, ఒడ్డు కనపడనంత దూరం. మళ్ళీ చేసింది. మళ్ళీ దీపాలు.

"అక్కా, కన్ను తియ్య బుద్ధి కాలే. బరువు లేకున్నా వింటున్నయి! ఎవలకూ కనపడనిది నాకు కనపడ్డది అనుకున్న."

మైక్రోస్కోపులో తీసిన బొమ్మలు హైదరాబాద్ చేరాయి. సుష్మ మేడం ఫోన్ చేసింది. వాళ్ళ పెద్ద యంత్రం మీద రెండేళ్ళు పని చేసే ఫెలోషిప్‌కు స్నేహలత పేరు ముందు వరసలో పెడుతున్నానంది. ఉద్యోగానికి సెలవు పెట్టి, కప్పల బొమ్మలు వదిలి, పగలంతా ఇదే పని. స్నేహలత ఎన్నడూ పైకి అడగని కోరిక అది. హన్మవ్వ వీధిలో ఇంటింటికీ గుప్పెడు చక్కెర పంచింది. "మా పొల్ల ఆకాశంల పని చేస్తది" అని చెప్పింది. ఎదురింటి భూమవ్వ చక్కెర నోట్లో వేసుకుని, "జీతం ఆడికెళ్ళే పడ్తదా?" అంది.

పేర్లు ఖాయం చేసే రోజు ఇంకా రాలేదు. ఈలోగా స్నేహలత ఒక పని మిగిలిపోయిందనుకుంది. మందు పోయకుండా ఉత్తినే తిప్పిన కణాలను కూడా చూడాలి. అవి చీకటిగా ఉండాలి. తలుపు తట్టనిదే ఎవరు పలుకుతారు?

పలికాయి. పిలవకముందే పలికాయి. అంతే వెలుగు.

కుర్చీలో వెనక్కి వాలింది. బయట పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ఆ అరుపులు చాలా దూరం నుంచి వచ్చినట్టున్నాయి. తర్వాత లేచి, రంగు కలపని కణాలను పెట్టింది. అవీ వెలిగాయి. కణాల్లేని ఉత్త నీళ్ళు పెట్టింది. పల్చగా అవీ. చివరికి బుడ్డినే ఊదారంగు వెలుగు కింద పట్టింది. ప్లాస్టిక్ అడుగున, అంచుల చుట్టూ, మూత మరల్లో ఆకుపచ్చ ఉంగరం. మూత మీద ఒక బొటనవేలి ముద్ర. గీతలు గీతలుగా, ఎంతో ఓపికగా ఒత్తిన ముద్ర.

ఆ వేలు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద ఆనే వేలు.

ఇంటికి వచ్చేసరికి హన్మవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, మిషన్ ఇంట్ల ఉన్నప్పుడు నువ్వేమన్న ముట్టినవా?"

"ఎందుకు ముడ్త? నాకేం పని?"

"అవ్వా."

హన్మవ్వ చింతపండు పక్కన పెట్టింది. "పసుపు కొమ్ము పెట్టిన."

"ఏంది?"

"ఉత్తగ ఊగుతుండె బిడ్డా. పొద్దంత ఉత్త తొట్టెల ఊగుతుంటె ఎట్ల ఊకుంటరు? ఉత్త తొట్టెల ఊపద్దు. నిన్ను తొట్టెల్ల ఏసిననాడు గూడ ముందుగాల రాయి పండబెట్టినంకనే నిన్ను పండబెట్టింది మీ నాయనమ్మ. గీ బుడ్డిల రాయి పట్టదు. కొమ్ము పట్టింది."

"తీసినవా మల్ల?"

"నువ్వు కాలేజికి తీస్కపోతనన్ననాడు తీసిన. మంచిగ కడిగి పెట్టిన. నాకు గంత తెల్వదా?"

కడగడం స్నేహలత కూడా కడిగింది. కాలేజీలో స్పిరిట్‌తో, లోపలి వైపు. నీళ్ళకు కరగని పసుపు స్పిరిట్‌కు కరుగుతుంది. కరిగి ప్లాస్టిక్‌లోకి ఇంకింది. అక్కడినుంచి కొంచెం కొంచెంగా కణాల పొరల్లోకి దిగింది. నీలికాంతి పడితే పసుపు తనంతట తానే ఆకుపచ్చగా వెలుగుతుంది. బల్ల మీద కదలకుండా ఉంచిన బుడ్డి కొత్తది; దానికి ఏ తల్లీ కొమ్ము పెట్టలేదు. అందుకే అది మామూలుగా ఉంది.

ఆమె చూసిన దీపాలన్నీ మోర్తాడ్ మడిలో పుట్టినవి.

కూతురు ఇదంతా చెబుతుంటే హన్మవ్వ వేళ్ళు కొంగులో దాచుకుంది. "ఆళ్ళకు తెల్వద్గద?" అంది మెల్లగా.

నిజమే, తెలియదు. బొమ్మలు వెళ్ళిపోయాయి. హైదరాబాద్‌లో ఎవరూ నిజామాబాద్‌కు వచ్చి మూత మీద వేలిముద్ర చూడరు. రెండేళ్ళు పెద్ద యంత్రం మీద కూర్చుంటే అసలు సంగతి అప్పుడు తేలుతుంది. స్నేహలత ఆ రెండు రోజులు అదే ఆలోచిస్తూ తిరిగింది. బస్టాండు, గంజ్, కాలేజీ. ఆటోలు పక్కనుంచి పోతున్నా వినపడలేదు. "అప్పుడు నా కాళ్ళు ఆనలేదక్కా" అంది. "మా అవ్వ అన్నదేందో అప్పుడు తెల్సింది."

మూడో నాడు హన్మవ్వే ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. "చెయ్యి. ముసల్ది చేసిందని చెప్పు. నేను గూడ చెప్త."

"నువ్వెందుకు? బుడ్డి సూసుకునే పని నాది."

సుష్మ మేడం అంతా విన్నది. "పసుపా?" అంది ఒకసారి. తర్వాత అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఈసారి నీ పేరు పెట్టలేను స్నేహలతా. పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. గాజు బుడ్డి పంపిస్తాను. మళ్ళీ మొదట్నుంచి చెయ్. చీకటొస్తే చీకటే పంపు."

ఆ ఫెలోషిప్ వేరే ఊరి అబ్బాయికి వెళ్ళింది. వీధిలో పంచిన చక్కెర తిరిగి రాదు. భూమవ్వ కనిపించినప్పుడల్లా, "ఆకాశం బస్సు ఎప్పుడే?" అని అడిగేది.

హన్మవ్వ తనకు తాను ఒక శిక్ష వేసుకుంది. ఇంట్లో పసుపు ముట్టడం మానేసింది. పప్పు తెల్లగా వచ్చేది, కూర తెల్లగా వచ్చేది. మోర్తాడ్ ఆడబిడ్డ, పసుపు లేని వంట. "దవాఖాన్ల తిండి లెక్కుండె" అంది స్నేహలత. "తిట్టినా బాగుండు. ఏమనకపోతుండె. నా చేతుల దిక్కు, ఆమె చేతుల దిక్కు సూస్కుంట తినేది."

సుష్మ మేడం పంపిన గాజు బుడ్డి వచ్చింది. పాతదానికంటే బరువు. యంత్రం ఒక పక్కకు వాలి, తిరిగినప్పుడల్లా తడబడింది. దేవిదాస్ వచ్చి చూసి, "ఎదురుంగ అంతే బరువు కట్టాలె మేడం. నట్టు బిగిస్త" అని డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"ఆగన్నా" అంది స్నేహలత.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, "అవ్వా, గా కొమ్ము ఎక్కడ పెట్టినవ్?" అని అడిగింది. హన్మవ్వ దేవుడి గూట్లోంచి తీసిచ్చింది. దేవిదాస్ దాన్ని గాజు గొట్టంలో పెట్టి, రెండు మూతులూ గాలి కూడా చొరకుండా కరిగించి మూసేశాడు. కణాల బుడ్డికి ఎదురుగా, చట్రం అవతలి వైపు కట్టాడు. యంత్రం తడబాటు మాని నిమ్మళంగా తిరిగింది. ఒక్క టక్కుమనే చప్పుడు మాత్రం మిగిలింది. కొమ్ము గాజులో అటునుంచి ఇటు పడుతున్న చప్పుడు అది. నేను వరండాలో విన్నది దాన్నే.

హన్మవ్వను పిలిచి చూపించారు. ఆమె అద్దానికి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసిందట. "ఇగ మంచిగున్నది. ఉత్తది కాదు" అంది. ఆ పూట పప్పులో పసుపు పడింది.

ఆ తర్వాత తిరిగిన కణాలు చీకటిగా వచ్చాయి. ఎన్నిసార్లు చేసినా. లోకమంతా ముందే చూసిన చీకటి. "మొదటిసారి ఏడ్చిన" అంది స్నేహలత, టార్చిని జేబులో పెట్టుకుంటూ. "తర్వాత నచ్చింది. నా చీకటి సాఫ్‌గున్నది. పంపిన. మేడం ఇంకో ప్రశ్న ఇచ్చింది."

"ఏమిటి?"

"అట్ల తిరిగి తిరిగి చెవిటివైన కణాలను కిందికి దింపి, ఊకనే కొంతసేపు పండబెడితే, మల్ల వింటయా అని. నా దగ్గరున్నది పాత మిషన్, గీ గది. వచ్చే ఏడు మల్ల పేర్లడుగుతరు. అప్పటికి గీ జవాబన్న నా చేతిల ఉండాలె."

"ఇవి ఎవరి కణాలు?"

ఆమె పెట్టెలోకి చూసింది. "మా అవ్వయే. పొద్దుగాల్నే ఇచ్చింది. ఇప్పుడు ఆమెకు కాళ్ళు ఆనుతున్నయట. చక్కెర లేని చాయ్ తాగి గంజ్ చుట్టు రెండు మాట్ల తిరిగొస్తది. కణాల సంగతి నాకు తెల్వదు."

ఎండ కిటికీ దిగి నేల మీదికి వచ్చింది. మేము మాట్లాడుతూనే ఉన్నాం. బోధన్‌లో గొట్టం మీద కొంగల గురించి, పలకను నాకిన రుచి గురించి. చట్రాలు వాటి మానాన అవి తిరుగుతూ ఉన్నాయి. కొమ్ము ఒకసారి టక్కుమంటోంది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ టక్కు. ఎప్పుడో ఆమె గడియారం చూసి లేచింది. స్విచ్ మీద వేలు పెట్టింది.

రొద ఆగిపోయింది. అంతసేపూ దాని లోపలే ఉన్నామని అప్పుడు తెలిసింది. చట్రాలు ఇంకొంచెం ఊగి, నిలిచాయి. ఆమె బుడ్డిని విప్పి, రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద నిలబెట్టింది. గులాబీరంగు నీళ్ళు వణికి సర్దుకున్నాయి. కంటికి కనిపించని హన్మవ్వ కణాలు నెమ్మదిగా అడుక్కు దిగుతుండాలి. కింద ఎటో వాటికి గుర్తొస్తుండాలి.

చాలాసేపు ఆమె వాటిని కదిలించలేదు. నేను కూడా కదల్లేదు. ఆ తర్వాత సన్నటి గొట్టంతో మందు తీసి, చుక్క చుక్కగా బుడ్డిలో వదిలింది. నేను లేచి గుమ్మం దాకా వచ్చాను. ఆమె వెనక్కి తిరగలేదు. మైక్రోస్కోపు మీదికి వంగుతూ, గొంతు తగ్గించి అంది:

"తలుపు మెల్లగ ఎయ్యుండ్రి అక్కా. ఇప్పుడే భూమ్మీదికి దిగినయి. వింటున్నయో లేదో చూడాలె."